తగ్గింది గదా

ఆదోని బైపాసు పక్కనున్న జిన్నింగు మిల్లులో పత్తి ఏరే షెడ్డు ఒకటుంది. పైన రేకులు, మూడు పక్కల గోడలు, మధ్యలో మనిషెత్తు పత్తి కుప్పలు. నలభై మంది ఆడవాళ్ళు రెండు వరసల్లో కూర్చుని, ఒళ్ళో పత్తి పోసుకుని, ఆకు ముక్కల్నీ పసుపెక్కిన పాయల్నీ ఏరి పక్కన పడేస్తుంటారు. చేతులు ఎంత ఆడితే నుసి అంత లేస్తుంది. ముక్కుకు కొంగు కట్టుకుంటారు గానీ నుసి కొంగును లక్ష్యపెట్టదు. ఆ షెడ్డులో దగ్గని మనిషి లేదు. కొత్తగా చేరినామె మొదటి నెల దగ్గితే మిల్లు పట్టిందిలే అంటారు. అంతటితో ఆ మాట అయిపోతుంది.

ఈ దగ్గు మీద ఇద్దరు డాక్టర్లకు పంతం పడింది. అది పడింది కూడా షెడ్డులో కాదు, మేనేజరు ఉరుకుందప్ప కూతురి పెళ్ళి భోజనాల దగ్గర. ఎమ్మిగనూరులో హోమియో క్లినిక్కు నడిపే మహేశ్వర్, మిల్లు దగ్గును తన మందుతో ఆరు వారాల్లో దారికి తెస్తానన్నాడు. కర్నూలు నుంచి పెళ్ళికొచ్చిన జ్యోత్స్న అనే డాక్టరమ్మ, మందని చెప్పి వట్టి చక్కెర ఉండలిచ్చినా అంతే తగ్గుతుందని నవ్వింది. మాటా మాటా పెరుగుతుంటే ఉరుకుందప్ప సాంబారు బకెట్టు పక్కకు జరిపి, మా షెడ్డులో నలభై మంది ఆడోళ్ళున్నారు, వాళ్ళ మీద తేల్చుకోండి, నుసి వల్లనే దగ్గని తేలితే నుసి లాగే ఫ్యాన్లు కూడా పెట్టిస్తానన్నాడట. విస్తరి ముందు కూర్చుని నలభై మందిని వడ్డించేశాడు. ఆ నలభై మందికీ ఈ సంగతి తెలిసింది పది రోజుల తర్వాత.

పద్ధతంతా జ్యోత్స్నే ఏర్పాటు చేసింది. ఇరవై మందికి ఎర్ర మూత సీసాలు, ఇరవై మందికి నీలం మూతవి. రెండింట్లోనూ సగ్గుబియ్యమంత తెల్ల గోళీలే, రెండూ తియ్యగానే ఉంటాయి. ఒక రంగులో మందుంటుంది, ఇంకో దాంట్లో ఉండదు. ఏది ఏదో తనకూ తెలియకుండా, కర్నూలులో సీసాలు నింపే కాంపౌండరు చేత కాగితం మీద రాయించి, కవరులో పెట్టించి, లక్క ముద్ర వేసి, మేనేజరు బీరువాలో దాపించింది. ఆరు వారాల పాటు దగ్గుకు వేరే మందు వాడకూడదు. ఎవరికైనా కళ్ళెలో రక్తం పడితే మాత్రం ఆ క్షణమే అన్నీ ఆపి తనకు ఫోను చెయ్యాలి. అందుకే వారం వారం నింపే కాగితాల్లో చివర రక్తం గడి ఒకటి, ఉంది, లేదు అని రాయడానికి.

ఆ కాగితాలు నింపే పని కృపకు పడింది. కృప మిల్లులో హాజరు రాసే అమ్మాయి, డిగ్రీ చదివింది, రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సుకు వచ్చిపోతుంది. దగ్గు ఎంతుందో ఒకటి నుంచి పది లోపల చెప్పమంటే ఆడవాళ్ళు తికమక పడుతుంటే, తనే ఒక ఉపాయం కనిపెట్టింది. పది పత్తి గింజలు ముందు పెడుతుంది. దగ్గు ఎంత తగ్గితే అన్ని గింజలు తీసి పక్కన పెట్టాలి, మిగిలినవి తను రాసుకుంటుంది. జ్యోత్స్న ఆ ఉపాయాన్ని ఫోనులో మెచ్చుకుంది. ఆ మెప్పు తలచుకున్నప్పుడల్లా కృపకు నడకలో కాస్త బిగువు వచ్చేది.

ఇంకో సంగతి కూడా ఆమె తెలుసుకుంది. కర్నూలు నుంచి మహేశ్వర్ క్లినిక్కుకు చేరిన సీసాలు తీసుకోవడానికి రెండో వారం పోతే, ఆయన ఒక ఎర్ర మూత విప్పి వాసన చూసి, చిన్నగా నవ్వి, ఎర్ర మూతల వాళ్ళను కాస్త మనసు పెట్టి అడుగమ్మా అన్నాడు. అర్థం చేసుకోలేనంత అమాయకురాలు కాదు కృప.

ఆరో గురువారం, ఆఖరి తూరి రాయడానికి, గింజల పొట్లమూ కాగితాలూ పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. మొదటి వరసలో ఏడో మనిషి హులిగమ్మ. యాభై దాటిన మనిషి, పెద్దకడుబూరు వైపు ఊరామె. చుట్టరికమేమీ లేకపోయినా కృప ఆమెను సిన్నమ్మా అంటుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు టిఫిను మరిచి వస్తే, జొన్నరొట్టె తుంచి చేతిలో పెట్టింది ఆమె. హులిగమ్మకు ఎర్ర మూత వచ్చినందుకు కృప లోలోపల దేవునికి స్తోత్రం చెప్పుకుంది కూడా. నెల కిందట హులిగమ్మ కూతురు తల్లిని సర్కారు ఆసుపత్రికి తీసుకుపోతానని వస్తే, ఈ ఆరు వారాలూ ఓపిక పట్టమని తిప్పి పంపింది కూడా కృపే.

"సిన్నమ్మా, తగ్గింది గదా?"

హులిగమ్మ తలెత్తి ఆ పిల్ల మొహంలోకి చూసింది. "తగ్గింది పాపా" అంది. ఒక గింజ తీసింది, రెండోది తీసింది. అయిదు మిగిలే దాకా తీసి చెయ్యి ఆపింది. కృప పెన్ను పట్టుకుని నవ్వు మొహంతో చూస్తూనే ఉంది. హులిగమ్మ ఇంకొకటి తీసింది. మళ్ళీ చూసింది. ఇంకో రెండు తీసింది. కృప రెండు అని రాసింది. మొదటి వారం తొమ్మిది. కాగితం మీద తొమ్మిది నుంచి మెట్లు దిగినట్టు దిగి వచ్చిన ఆ అంకెల్ని చూసుకుంటే ముచ్చటేసింది. కొంగు చివర ఎర్ర మరక కనిపించింది. అది నాలుగో వారం కూడా కనిపించింది, వక్కాకు మరకే గదా సిన్నమ్మా అంటే ఔ పాపా వక్కాకే అంది. రక్తం గడిలో లేదు అని రాసి ముందుకు జరిగింది.

రెండో వరసలో మల్లేశ్వరికి నీలం మూత. గట్టి మనిషి, గొంతు కూడా గట్టిది. ఏమక్కా, నీకింకా అట్లే ఉందా అని అడిగింది కృప. అట్లే ఉండాది అంది మల్లేశ్వరి, రెండు గింజలు పక్కన పెట్టి. ఎనిమిది.

అంతలో అన్నం బెల్లు కొట్టారు. అందరూ చేతులు దులుపుకుని గోడ నీడన గుంపుగా కూర్చున్నారు. కృప కాగితాలు సర్దుకుంటూ అటు చూసేసరికి, మల్లేశ్వరి పెద్ద స్టీలు గిన్నె మూత తీసింది. దాన్నిండా తెల్ల గోళీలు. ఆ వారం తను పంచిన సీసాలన్నీ, ఎర్ర మూతవీ నీలం మూతవీ, పక్కన ఖాళీగా పడున్నాయి. మల్లేశ్వరి గిన్నెను గలగల కుదిపి, చిన్న గరిటెతో తలా నాలుగు గోళీలు అరచేతిలో వేస్తూ పోతోంది. పప్పు వడ్డించినట్టు వడ్డిస్తోంది.

కృప గబగబా దగ్గరికి పోయింది. ఇదేంటక్కా, ఎప్పటి నుంచి ఇట్లా అని అడిగితే, మల్లేశ్వరి గరిటె ఆపకుండానే జవాబిచ్చింది.

"మొదటి దినం నుంచీ అంతే. సగం మందికి మందు, సగం మందికి వట్టి సక్కెర అని నువ్వే గదా సదివి సెప్తివి. ఒక పంక్తిలో కూసోబెట్టి ఒకరికి అన్నం బెట్టి ఇంకొకరికి ఖాళీ ఇస్తరేస్తే, ఆ అన్నం గొంతు దిగుతాదా పాపా? నా పక్కనామె దగ్గుతాంటే నేనొక్కదాన్నే మందు తినేదా? అందుకే అన్నీ కలుపుకున్యాము. సగం సగమైనా అందరికీ అందుతాది."

పక్కనున్నవాళ్ళు తలలూపారు. వాళ్ళ దృష్టిలో అది దాచాల్సిన సంగతీ కాదు, చెప్పాల్సిన సంగతీ కాదు. హులిగమ్మ తన నాలుగు గోళీలు నోట్లో వేసుకుని, నీకూ కావాల్నా పాపా అని అడిగింది.

సాయంత్రం బస్సులో కృపకు కిటికీ పక్కన సీటు దొరికింది. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ తిరగేసింది. ఎర్ర మూతల వాళ్ళందరికీ తగ్గింది, మూడుకూ రెండుకూ వచ్చారు. నీలం మూతల వాళ్ళు ఏడు, ఎనిమిది దగ్గరే నిలబడిపోయారు. అందరూ తిన్నది ఒకే గిన్నెలోది. మరి ఈ తేడా ఎక్కడిది?

శుక్రవారం సెలవు పెట్టి క్లినిక్కుకు పోయింది. డాక్టరు మహేశ్వర్ మెత్తటి మనిషి. తెల్ల చొక్కా, తెల్ల గడ్డం, మాట్లాడితే పక్కన కూర్చుని తల నిమిరినట్టుంటుంది. గిన్నె సంగతి చెబితే కోప్పడతాడేమో అనుకుంది. ఆయన కోప్పడలేదు, సంతోషించాడు. హోమియో గోళీకి ఇంకో గోళీ తగిలితే చాలు, మందు గుణం దానికీ అంటుకుంటుందనీ, అంటే ఆ గిన్నెలోవన్నీ మందే అయిపోయాయనీ వివరంగా చెప్పాడు. అయితే నీలం మూతల వాళ్ళకు కూడా తగ్గాలి కదా సార్ అని అడిగింది కృప. ఒక్కొక్కరి తత్త్వం ఒక్కొక్కటమ్మా అన్నాడు. రేపు మిల్లులో కవరు విప్పేటప్పుడు ఈ గిన్నె గొడవ ఎత్తొద్దనీ, చదువుకున్న పిల్లవు నీకు చెప్పాలా అనీ కూడా అన్నాడు. ఆ మాట కూడా తల నిమిరినట్టే అన్నాడు. కృపకు ఆ మెత్తదనం ఒంటికి జిడ్డులా అంటుకుంది.

లేచి వచ్చేద్దామనుకుంటుండగా ఒక ముసలాయన కర్ర పట్టుకుని లోపలికి వచ్చాడు. మోకాలు నొప్పి మనిషి. గడప దాటడానికే రెండు తూర్లు ఆగాడు. కుర్చీ అంచు పట్టుకుని, మూలిగి, కూర్చున్నాడు. మహేశ్వర్ నిండుగా నవ్వి, ఆయన భుజం మీద చెయ్యి వేసి అడిగాడు.

"ఏం పెద్దాయనా, నొప్పి తగ్గింది కదా?"

ముసలాయన ఆయన మొహంలోకి చూశాడు. ఆ నవ్వును చూశాడు. "తగ్గింది సామీ, శానా తగ్గింది" అన్నాడు. డాక్టరు రాసుకున్నాడు.

కృప ఆ పెన్ను వంకే చూసింది. ఆ మాట తనది. ఆ నవ్వూ తనదే. ఆరు గురువారాలు షెడ్డులో ఎర్ర మూతల ముందు తను అడిగింది అచ్చం అట్లాగే. నీలం మూతల ముందు అడిగింది ఇంకో రకంగా. నీకింకా అట్లే ఉందా అని. ఆ ఆడవాళ్ళు దగ్గును చూసి గింజలు తీయలేదు, తన మొహాన్ని చూసి తీశారు. నీలం మూతల వాళ్ళు కూడా తను ఏం వినాలనుకుందో అదే చెప్పారు. తేడా గోళీల్లో లేదు, సీసాల్లో లేదు, తన నాలుక మీద ఉంది. బయటికి వచ్చి కుళాయి దగ్గర నోరు పుక్కిలించింది. రుచి పోలేదు.

శనివారం పొద్దున మిల్లు ఆఫీసు ముందు షామియానా వేశారు. నాలుగు కుర్చీలు, ఒక బల్ల, మైకు, నీళ్ళ సీసాలు. ఆడవాళ్ళు కింద పట్ట మీద కూర్చున్నారు. కృప ముందు రోజు రాత్రే జ్యోత్స్నకు ఫోను చేసింది గానీ ఆమె ఎత్తలేదు. పొద్దున కారు దిగగానే చెబుదామంటే, కాగితాలు చేతిలోంచి లాక్కుని, తర్వాత తర్వాత అంటూ పోయి ఉరుకుందప్ప పక్కన కూర్చుంది. అరగంట కూడింది, తీసింది. తర్వాత లేచి, రెండు రంగుల మధ్య తేడా చాలా స్పష్టంగా ఉందనీ, ఎర్ర మూతల వాళ్ళకు దగ్గు బాగా తగ్గిందనీ, నీలం వాళ్ళకు తగ్గలేదనీ ప్రకటించింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం చిన్నబోయింది. మహేశ్వర్ గడ్డం సవరించుకున్నాడు.

ఉరుకుందప్ప కవరు తెచ్చి లక్క పగలగొట్టాడు. జ్యోత్స్న కాగితం విప్పింది. చదివి ఒక తూరి కళ్ళు మూసి తెరిచింది. ఎర్ర మూత, వట్టి చక్కెర. నీలం మూత, మందు.

మహేశ్వర్ చెయ్యి గడ్డం మీద ఆగిపోయింది. జ్యోత్స్న పెద్దగా నవ్వింది. చక్కెర గెలిచిందండీ, మీ మందు కంటే బాగా పనిచేసింది అంది. ఆయన ఎంతోసేపు తడబడలేదు. అసలు మందు ఒంట్లోకి పోతే ముందు రోగాన్ని పైకి తెస్తుందనీ, నీలం వాళ్ళకు దగ్గు నిలిచి ఉండటమే మందు పట్టిందనడానికి గుర్తనీ చెప్పుకొచ్చాడు. తగ్గితే తన మందు గొప్ప, తగ్గకపోయినా తన మందే గొప్ప. ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడుతుంటే ఉరుకుందప్ప మధ్యలో తనకు కావలసింది తను ఏరుకున్నాడు. చక్కెరకే తగ్గిందంటే అది నుసి దగ్గు కాదు, మనసు దగ్గు, కాబట్టి ఇక ఫ్యాన్ల మాట అక్కర్లేదు అన్నాడు. ముగ్గురికీ ఏదో ఒకటి దక్కింది. పట్ట మీదున్న నలభై మంది వైపు ఆ ముగ్గురిలో ఒక్కరూ చూడలేదు. వాళ్ళు దగ్గుతూనే ఉన్నారు. ఆ దగ్గు వినబడకుండా మైకులో మాట్లాడుతున్నారు. కృపకు ఒళ్ళు మండిపోయింది. ఈ ముగ్గురూ పంచుకు తింటున్నది తను రాసిన అంకెల్ని. తన ముద్ద వీళ్ళ నోళ్ళలో నలుగుతుంటే చూడటం ఇంత రోతగా ఉంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు.

జ్యోత్స్న ఏడో నంబరు ఎవరని అడిగింది. తొమ్మిది నుంచి రెండుకు వచ్చిన మనిషి, అందరూ చూడాలి అంది. హులిగమ్మ మోకాళ్ళ మీద చేతులూని లేచి బల్ల దగ్గరికి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె సిగ్గుపడి నవ్వబోయి, దగ్గు తెర ముంచుకొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి గబుక్కున మడిచింది. అంతా అయ్యాక, అలవాటుగా కృప మొహంలోకి చూసింది, బాగుందని చెప్పాలా అన్నట్టు.

కృప లేచి నిలబడింది.

"మేడం, ఈళ్ళు మొదటి దినమే రెండు రంగుల గోళీలూ ఒక గిన్నెలో కలిపేసినారు. అందరూ తిన్నది ఒకటే. ఎర్ర మూతలో మందుందని నాకు సార్ సూచన చేసినారు. నేను ఎర్ర మూతల్ని తగ్గింది గదా అని అడిగినాను, నీలం మూతల్ని ఇంకా ఉందా అని అడిగినాను. ఆ తేడా నాది."

మహేశ్వర్ చేతి గడియారం చూసుకున్నాడు. ఉరుకుందప్ప ఇప్పుడవన్నీ ఎందుకమ్మా కూసో అన్నాడు. జ్యోత్స్న మాత్రం చేతిలో కాగితం వైపు చూస్తూ, అయితే ఈమె రెండు అని ఆగిపోయింది.

"రెండు కాదు మేడం. అయిదు కాడ ఆగింది. మిగతా మూడు గింజలు నా మొగం సూసి తీసింది. ఆ అయిదన్నా నిజమో కాదో నాకు తెల్దు. కొంగు సూడండి. వక్కాకు అని నేనే అంటిని, నేనే లేదని రాసినాను."

జ్యోత్స్న బల్ల చుట్టూ తిరిగి వచ్చి, హులిగమ్మ పిడికిట్లోని కొంగును మెల్లగా విప్పింది. చాలాసేపు చూసింది. అంతసేపూ మైకు కీచుమంటూనే ఉంది. ఆరు వారాల్లో ఒక్క రోజు కూడా తను ఈ షెడ్డుకు రాలేదని ఆమె అంది, ఎవరితోనో కాదు, తనలో తను అన్నట్టు. గెలిచిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో కుక్కింది. కారు తాళాలు తీసి, ఆమెను ఎక్కించండి అంది.

ఆదోని సర్కారు ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష గది ముందు చెక్క బెంచీ ఉంది. చిన్న డబ్బా ఇచ్చి, లోపలికి పిలిచేలోగా ఈ ఫారం నింపండి అని కృప చేతికి కాగితం ఇచ్చారు. పేరు, ఊరు, దగ్గు ఎన్నాళ్ళ నుంచి, ఎంత, రక్తం పడిందా. జ్యోత్స్న లోపల డాక్టరుతో మాట్లాడుతోంది. మల్లేశ్వరి కూడా వెంట వచ్చింది, ఎవరూ రమ్మనలేదు. గుమ్మం దగ్గర చతికిలబడి వచ్చీపోయేవాళ్ళను చూస్తోంది.

కృప పెన్ను తీసింది. అడగడానికి నోరు తెరిచింది, ఆ పాత మాటే నాలుక చివరికొచ్చింది. నోరు మూసుకుంది. సంచిలోంచి గింజల పొట్లం తీసి, పదీ బెంచీ మీద పోసింది. హులిగమ్మ అలవాటు కొద్దీ ఆమె మొహంలోకి చూసింది. కృప లేచి, ఆమెకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది. గోడ మీద సున్నం పెచ్చులూడి ఉంది. దాన్నే చూస్తూ ఉంది. వెనక హులిగమ్మ ఊపిరి గురగుర వినిపిస్తోంది. ఇంత దగ్గరగా ఆ ఊపిరిని తను ఒక్క గురువారమైనా విన్నదా అని వెతుక్కుంది, గుర్తు రాలేదు.

"ఇంక సూడు పాపా."

తిరిగి చూసింది. పది గింజలూ పోసినవి పోసినట్టే ఉన్నాయి. హులిగమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది, వాటిని ముట్టుకోలేదు.

"రక్తం మూడో వారం నుంచీ పడతాండాది" అంది. "నువ్వు అంత ఆశగా తగ్గింది గదా అంటాంటే, లేదని ఎట్ల సెప్పేది పాపా?"

కృప కూర్చుంది. దగ్గు గడిలో పది అని రాసింది. రక్తం గడిలో మూడో వారం నుంచీ అని రాసింది. రాసింది హులిగమ్మకు చదివి వినిపించింది. లోపలి నుంచి పిలిస్తే, ఆమె చెయ్యి పట్టుకుని లేపింది.